పొగమంచులో పావు సెకను

"ఆ సంచి కింద పెట్టు, సైలస్."

సైలస్ పెట్టలేదు. సంచి భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. సంచి మూతి సరిగ్గా బిగించలేదేమో, పాత బూట్ల తాళ్లు బయటికి వేలాడుతున్నాయి.

ఆర్డెల్లా పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు. లూసియానాలో జూలై ఎండ, పైగా పొయ్యి మీద పెద్ద గిన్నెడు అంజీర పళ్ల పాకం. కన్ను పక్కకి తిప్పితే అడుగంటే వ్యవహారం. మొగుడికి వీపు చూపించడానికి అంతకంటే మంచి సాకు ఆమెకు దొరకలేదు.

"బస్సు సాయంత్రం ఆరింటికి కదా. పదకొండు కూడా కాలేదు. అప్పుడే భుజానికెందుకూ?"

"బరువెంతుందో చూస్తున్నా."

"చూశావుగా. దించు."

"దించితే నువ్వు దాచేస్తావు. మొన్న బూట్లు ఎక్కడ దొరికాయో తెలుసా? చర్చికిచ్చే పాత బట్టల పెట్టెలో!"

ఆర్డెల్లాకు నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు తనను నవ్విస్తాడనే అతని మీద ఆమెకు అసలు కోపం.

"డాక్టరు ఏమన్నాడో మళ్లీ చెప్పనా?"

"వద్దులే. నువ్వు చెబితే ఆయనకంటే ఎక్కువ భయమేస్తుంది."

"ఇంకొక్క దెబ్బ తగిలితే ఆ మోకాలు ఇక వంగదన్నాడు. వంగదు! చర్చిలో మోకరించడానికి కూడా పనికిరాదు."

"నిలబడే ప్రార్థన చేసుకుంటా. దేవుడు పొమ్మంటాడా?"

గరిటె గిన్నె అంచుకు టంగుమని తగిలింది. 

ఈ ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే తంతు. ఉత్తరాన చలిప్రాంతంలోని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నుంచి కోచ్ ఫోన్ చేసి, శనివారం వచ్చి ఒకసారి పరిగెత్తి చూపించమన్నాడు. కుదిరితే ఇంకో ఏడాది ఆట. ఇటు ఊరి హైస్కూలు ప్రిన్సిపాల్ టిబ్స్ గారు, పిల్లలకు ఫుట్‌బాలూ పరుగూ నేర్పే ఉద్యోగం సైలస్ కోసం పట్టుకుని కూర్చున్నారు. ఇంక ఆగలేననీ, ఈ రోజు నాలుగింటికి ఫోన్ చేస్తాననీ, అవునో కాదో తేల్చెయ్యమనీ అన్నారు. సైలస్‌కు ముప్పై ఒకటి. బంతి చంకలో ఇరికించుకుని, పదిమంది మీద పడుతుంటే తప్పించుకుంటూ తొమ్మిదేళ్లు పరిగెత్తాడు. మూడు జట్లు, రెండు ఆపరేషన్లు, ఐదు అద్దె ఇళ్లు. కూతురు వినెట్ రెండో తరగతికే మూడు బళ్లు మారింది.

"ఆర్డెల్లా, ఇటు తిరుగు ఒకసారి," అన్నాడు సైలస్.

ఆమె తిరగలేదు.

"నా మోకాలి సంగతి నాకు తెలీదా? తెలుసు. కానీ ఈ కాళ్లు వంద గజాలు తొమ్మిది పాయింట్ రెండులో పరిగెత్తిన కాళ్లు. తొమ్మిది పాయింట్ రెండు! కాలేజీలో నన్ను మించినవాడు లేడు. అలాంటిది ఎక్కడికి పోతుందే? ఒంట్లోనే ఎక్కడో ఉంటుంది. ఒక్కసారి మళ్లీ బయటికొస్తే చాలు."

ఆ అంకె అతని నోటివెంట పుట్టినరోజు తేదీలా వస్తుంది. ఏ ఊళ్లో ఆడినా మైకులో అతని పేరు వెనకే అదీ వినిపించేది. వినెట్ తమ ఇంటి చిరునామా కంటే ముందు దాన్నే నేర్చుకుంది. ఆర్డెల్లా కూడా తొమ్మిదేళ్లపాటు ఆ అంకె వినపడగానే కాస్త నిటారుగా కూర్చునేది. మొన్న ఆదివారం వరకూ.

ఆదివారం భోజనాలయ్యాక ఆమె గిన్నెలు కడుగుతుంటే, తండ్రి పక్కన చేరి, తువ్వాలుతో ఒకే పళ్లాన్ని పదిసార్లు తుడుస్తూ ఒక మాట చెప్పాడు. అప్పటి నుంచీ ఆమె దాన్ని మనసులోనే దాచుకుంది.

"అది ఎక్కడికీ పోలేదు సైలస్," అంది ఆర్డెల్లా గిన్నెలోకే చూస్తూ. "పోవడానికి అసలంటూ ఉంటే కదా."

"అంటే?"

"తొమ్మిది పాయింట్ రెండు నువ్వెప్పుడూ పరిగెత్తలేదు."

 ఈ మాటను ఇలా, గరిటె పట్టుకుని, దెప్పుతున్నట్టు చెప్పాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

సైలస్ నవ్వాడు. "ఎవరు చెప్పారు?"

"నేనే, బాబూ."

ముందు వసారాలో ఉయ్యాలబల్ల కిర్రుమంది. ఆర్డెల్లా తండ్రి హోషేయ గ్రాండిసన్ గారు టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. పొద్దున తొమ్మిదింటి నుంచీ ఆయన ఆ బల్ల మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే, గాలి బాగుందమ్మా అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు. నిన్నా మొన్నా కూడా ఇలాగే వచ్చి, చెప్పలేక, గాలిని పొగిడి వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లు మౌంట్ టాబర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. ఊళ్లో అందరికీ ప్రొఫెసరు గారు. పరుగు పందేలప్పుడు గడియారం పట్టుకునే పెద్దాయన కూడా ఆయనే.

"కూర్చోండి మామయ్యా," అన్నాడు సైలస్ అలవాటుగా.

"నిలబడే చెబుతాను. కూర్చుంటే మళ్లీ చెప్పలేను." ఆయన టోపీ అంచును వేళ్లతో తిప్పుతున్నాడు. "ఆ రోజు పొగమంచు. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? మధ్యాహ్నం గాలివాన వస్తుందని పొద్దున్నే పెట్టేశారు పందెం. ఏటి మీంచి మంచు లేచి మైదానమంతా పాలు పోసినట్టు ఉంది."

"అదే. వంద గజాల అవతల తుపాకీ పేలితే, గడియారం పట్టుకున్నవాడు చప్పుడు కోసం ఆగకూడదు. తుపాకీ పొగ కనబడగానే నొక్కాలి. చప్పుడు మన చెవిదాకా వచ్చేసరికి పావు సెకను గడిచిపోతుంది. ఏటా కొత్తవాళ్లని కూర్చోబెట్టి నేర్పింది నేనే. ఆ రోజు తెల్లటి మంచులో తెల్లటి పొగ. ఏం కనబడుతుంది? మా ముగ్గురి చేతుల్లో మూడు గడియారాలు. మిగతా ఇద్దరూ నా మొహం చూశారు. చప్పుడుకే నొక్కండి, పావు సెకను తరువాత కలుపుకుందాం అన్నాను."

"కలిపారా?"

 గిన్నెలోంచి మాడు వాసన మొదలైంది. ఆర్డెల్లా చేతిలో గరిటె ఉంది కానీ అది కదలడం లేదు. సైలస్ ఆమె పక్కనుంచి చెయ్యి చాచి పొయ్యి ఆర్పేశాడు.

"కలిపారా మామయ్యా?"

"కాగితం మీద రాయకముందే ఎవడో నా భుజం మీంచి గడియారం చూసి, తొమ్మిది పాయింట్ రెండని అరిచాడు. జనం తోసుకుని వచ్చేశారు. నిన్ను పైకెత్తారు. నీ మొహం చూశాను. నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. నాలుగు రోజులు కాకముందే పట్నం నుంచి జట్టువాళ్లు వచ్చి వాలారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "కలిపితే తొమ్మిదిన్నర, కాస్త అటూ ఇటూగా. మంచి పరుగే. కానీ అలాంటివాళ్లు ఆ ఏడు పాతికమంది ఉన్నారు. నీ కోసం ఎవరూ వచ్చేవారు కాదు. నువ్వు ఇక్కడే ఏ బళ్లోనో మాస్టారుగా ఉండేవాడివి. నా కూతురు మూడు వీధుల అవతల కాపురం ఉండేది. నేను నీకే కాదు, నాకూ అన్యాయం చేసుకున్నాను."

సైలస్ సంచి దించాడు. అది నేల మీద మెత్తగా కూలబడింది. ఆర్డెల్లా నాలుగు రోజులుగా ఎదురుచూసింది అదే చప్పుడు కోసం. తీరా విన్నాక ఆమెకు ఏడుపొచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని భార్యనడిగాడు.

"ఆదివారం."

"ఇవాళ గురువారం."

"అవును."

"నాలుగు రోజులు కడుపులో పెట్టుకుని, నాకు వడ్డించి, నా పక్కన పడుకున్నావు."

"ఎలా చెప్పమంటావు? ఆ అంకె చెప్పేటప్పుడు నీ మొహం నువ్వు ఎప్పుడైనా చూసుకున్నావా?"

 సైలస్ కిటికీ దగ్గరికి వెళ్లి పెరట్లోకి చూశాడు. పెరట్లో ఆరేసిన దుప్పట్లు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. తరువాత నిద్రలోంచి లేచినవాడిలా ఇటు తిరిగాడు.

"గడియారం ఉందా మామయ్యా?"

"జేబులోనే ఉంది."

"పదండి మరి."

"ఎక్కడికి?" అంది ఆర్డెల్లా.

అతను అప్పటికే సంచిలోంచి బూట్లు తీస్తున్నాడు.

*

ముగ్గురూ మండుటెండలో నడిచారు. దారిలో మిస్ యూలా తన అరుగు మీద చిక్కుళ్లు వలుస్తూ, "ఏం సైలస్, ప్రొఫెసరు గారినీ పరిగెత్తిస్తున్నావా ఏంటి?" అని కేకేసింది.

"ఆయన నన్ను తొమ్మిదేళ్లు పరిగెత్తించారు మిస్ యూలా. ఇవాళ నా వంతు!" అన్నాడు సైలస్. గొంతులో కోపం లేదు. ఉంటే ఆర్డెల్లాకు కాస్త ధైర్యంగా ఉండేది.

సెలవులు కావడంతో కాలేజీ మైదానంలో పురుగు కూడా లేదు. బొగ్గుపొడి పరిచిన బాట మీద అక్కడక్కడా గడ్డి మొలిచింది. గీతలు వెలిసిపోయాయి. అవతల ఏరు కదులుతోందో లేదో తెలియనట్టు ఉంది. సైలస్ చివరిదాకా వెళ్లి, మోకాలు చేత్తో నొక్కుకుని, వంగి, లేచి, మళ్లీ వంగాడు. ప్రొఫెసరు గారు గడియారాన్ని కూతురి చేతిలో పెట్టాడు.

"నేను పట్టుకోను. ఆ నమ్మకం పోగొట్టుకున్నాను. నేను అటు చివర నిలబడి చేతిరుమాలు కిందికి ఊపుతాను. చెయ్యి కదలగానే నొక్కు. అతని ఛాతీ నీ ముందు గీత దాటగానే మళ్లీ నొక్కు."

"నాన్నా, నేను తప్పు నొక్కితే?"

"నిజంగా తప్పయితే తప్పే. కావాలని మాత్రం నొక్కకు తల్లీ," అని ఆయన మెల్లగా అటు నడిచాడు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. ఆర్డెల్లా మనసులో అప్పటికే రెండు అంకెలు ఉన్నాయి. పన్నెండు అని చెబితే సైలస్ ఇంట్లో ఉండిపోతాడు. తొమ్మిదిన్నర అని చెబితే ఆ మొహం మళ్లీ వెలుగుతుంది. గడియారం ఆమె చేతిలో. చూసేవాళ్లెవరూ లేరు. అంత అధికారం తన జీవితంలో ఎన్నడూ లేదు, అది ఆమెకేమీ బాగోలేదు.

ఎండలో అటు చివర మనుషులిద్దరూ నీళ్లలో నీడల్లా అల్లాడుతున్నారు. రుమాలు పైకి లేచింది. కిందికి దిగింది. ఆమె నొక్కింది.

మొదట అతను కదిలినట్టే అనిపించలేదు. ఎండలోంచి ఒక మనిషి మెల్లగా తయారవుతున్నట్టు, ముందు భుజాలు, తరువాత మోకాళ్లు, తరువాత మొహం. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి లేదు. బంతి లేదు, మీద పడేవాళ్లు లేరు. తొమ్మిదేళ్లలో ప్రతి ఆటనూ ఆమె వేళ్ల సందుల్లోంచే చూసింది. ఎవరూ తరమకుండా సైలస్ పరిగెత్తడం ఎంత అందంగా ఉంటుందో ఆమె పూర్తిగా మరిచిపోయింది. ఎడమ మోకాలు కొంచెం ఆలస్యంగా లేస్తోంది. అయినా ఎంత బాగున్నాడో! ఆ నిమిషాన ఆమెకు ఏ అంకే గుర్తులేదు. ఇలాగే వస్తూ ఉంటే చాలు, ఎప్పటికీ గీత దాటకపోయినా ఫర్వాలేదు అనుకుంది.

దాటాడు. ఆమె నొక్కింది.

అతను ముప్పై గజాలు అవతలికి పోయి ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, కుంటుతూ తిరిగి వచ్చాడు.

"ఎంత?"

ఆర్డెల్లా గడియారం చూసింది. 

"పది పాయింట్ మూడు."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. పది పాయింట్ మూడు, సైలస్."

అతను గడియారం తీసుకోలేదు, తన కళ్లతో చూడాలని కూడా అనుకోలేదు. గడ్డి మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. విప్పుతూ విప్పుతూ భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఆర్డెల్లా దగ్గరికి వెళ్లి చూస్తే అతని కళ్లలో నీళ్లు.

"ప్రతి ఏడూ జూలైలో జట్టు గడియారం ముందు పరిగెత్తేవాణ్ణి. ప్రతి ఏడూ వాళ్ల అంకె విని, ఏమైంది నాకు, ఎక్కడ పోయింది ఆ పరుగు అనుకునేవాణ్ణి. తిండి మార్చాను. బూట్లు మార్చాను. కల్లో కూడా వాడే కనబడేవాడు, పొగమంచులో నాకు ముందు పోతున్న ఆ తొమ్మిది పాయింట్ రెండువాడు. వాణ్ణి అందుకోవాలని, లేని నొప్పులు తెచ్చుకున్నాను. ఉన్న నొప్పులు దాచుకున్నాను." అతను అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నేనేం పోగొట్టుకోలేదన్నమాట ఆర్డెల్లా. వాడసలు లేడు."

ఆమె అతని పక్కన బొగ్గుపొడిలోనే కూలబడింది. తెల్లగౌను సంగతి ఆలోచించలేదు.

ప్రొఫెసరు గారు ఆయాసపడుతూ వచ్చి, కొంచెం దూరంలో ఆగిపోయాడు.

"నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు బాబూ."

సైలస్ తలెత్తి చూశాడు. "ఇవాళ అడక్కండి మామయ్యా. ఇవాళ అడిగితే కాదంటాను. మీ పావు సెకను నా ఛాతీ మీద తొమ్మిదేళ్లు కూర్చుంది. దిగి ఇంకా పది నిమిషాలు కాలేదు."

పెద్దాయన తలాడించాడు. ముగ్గురూ వచ్చిన దారినే ఇంటికి నడిచారు.  మిస్ యూలా కూడా ఈసారి పలకరించలేదు.

*

నాలుగింటికి ఇంకో పది నిమిషాలుందనగా సైలస్ హాల్లోకి వెళ్లి టెలిఫోన్ ఎత్తాడు. ఆర్డెల్లా అంజీర పాకంలో మాడిన అడుగును వదిలేసి, పైపైన సీసాలకెత్తుతోంది. ఇక అయిపోయింది, టిబ్స్ గారికి తనే ఫోన్ చేసి ఉద్యోగానికి సరేనంటాడు అనుకుంది. నాలుగు రోజుల తరువాత మొదటిసారి ఆమె గుండె కుదురుగా కొట్టుకుంది.

"కోచ్ గారా? సైలస్ బోడెన్‌ని, లూసియానా నుంచి."

సీసా మూత ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"శనివారం సంగతి. రాకముందే మీకో మాట చెప్పాలి. కాలేజీలో నా తొమ్మిది పాయింట్ రెండు తప్పు లెక్క. గడియారం ఆలస్యంగా నొక్కారు. ఇవాళ మా ఆవిడ గడియారం పట్టుకుంటే పది పాయింట్ మూడు వచ్చింది. ఆవిడ అబద్ధం చెప్పదు. మోకాలు కూడా బాగోలేదు. ఇప్పటికీ నేను కావాలో వద్దో చెప్పండి."

అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. ఆర్డెల్లాకు మాటలు అందలేదు. మధ్యలో పెద్ద నవ్వు మాత్రం వినపడింది. సైలస్ "అలాగేనండీ, అలాగే" అంటూ ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"ఆ అంకె ఏ జట్టువాడూ నమ్మలేదట. ఎవరి గడియారాలు వాళ్లకున్నాయి కదా, మొదటి ఏడే తెలిసిపోయిందట. నన్ను దానికోసం పెట్టుకోలేదట."

"మరి దేనికోసం పెట్టుకున్నారు?"

"దెబ్బ తగులుతుందని తెలిసి కూడా బంతి వదలననట."  "శనివారం పరిగెత్తక్కర్లేదట. నేరుగా చేరిపొమ్మన్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు అది చూపించేవాడు కావాలట."

అంటే దెబ్బ తినడం చూపించేవాడు కావాలన్నమాట. ఆర్డెల్లా బల్ల అంచు పట్టుకుంది. అతన్ని ఇంట్లో ఉంచుతుందనుకుని ఆమె పొద్దున నోరు జారిన నిజం, ఇప్పుడు చేతిలో టిక్కెట్టు పెట్టి పంపిస్తోంది. పైగా అతని మొహంలో ఉన్న వెలుగు ఈసారి ఎవరి పొరపాటూ కాదు. తొమ్మిదేళ్లలో అతను అంత తేలికగా నిలబడడం ఆమె చూడలేదు.

"వెళ్తావా?" అంది.

"తెలీదు. పొద్దున ఎందుకు వెళ్తున్నానో తెలుసు. వాణ్ణి అందుకోవడానికి. ఇప్పుడు వాడు లేడు. కానీ నేను కావాలని ఒకడు అన్నాడు, ఆర్డెల్లా. నేనే, వేరే ఎవరూ కాదు." అతను గోడకు ఆనుకున్నాడు. "జట్టు మారినప్పుడల్లా నీకు చెప్పాను తప్ప ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. నువ్వేమంటే అదే. ఉండమంటే ఉంటా, ఒక్క మాట అనను. వెళ్లమంటే వెళ్తా."

ఉండమనడానికి ఆమె దగ్గర నాలుగు రోజుల మాటలు సిద్ధంగా ఉన్నాయి. డాక్టరు మాట, వినెట్ మాట, ఐదు అద్దె ఇళ్ల మాట. పోట్లాడే మొగుడికి చెప్పడానికి కూడబెట్టుకున్న మాటలవి. అడిగే మొగుడి ముందు ఒక్కటీ నోటికి రాలేదు. వసారాలో తండ్రి ఉయ్యాలబల్ల ఊగడం ఆపేశాడు.

ఫోన్ మోగింది.

సైలస్ ఒక అడుగు పక్కకు జరిగి ఆమెకు దారిచ్చాడు.

ఆర్డెల్లా చేతికంటిన పాకం గౌనుకు తుడుచుకుని ఫోన్ ఎత్తింది.

"అమ్మా, నేను టిబ్స్‌ని. నాలుగు కొట్టింది. ఏమనుకున్నారు మరి? నిర్ణయించుకున్నారా?"

ఆమె సైలస్ వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"నిర్ణయించుకున్నామండీ, సైలస్ మీ బడికే వస్తాడు," అంది.